తోట గట్టు మీద వెంకాయమ్మ

నూజివీడులో రవికిరణ్ ఎవరని అడిగితే తెల్లమొహం వేసేవాళ్ళే ఎక్కువ. కిరణ్ ఆర్ట్స్ ఎక్కడని అడగండి, బస్టాండు మొదలుకొని మామిడి మార్కెట్ దాకా ఎవరైనా వేలెత్తి చూపిస్తారు. ఒకప్పుడు ఈ ఊళ్ళో బట్టల కొట్టు తెరవాలన్నా, డాక్టరుగారు బోర్డు కట్టాలన్నా, ఎలక్షన్లప్పుడు గోడలు నిండాలన్నా అతని బ్రష్షు కదలాల్సిందే. తర్వాత ఫ్లెక్సీలొచ్చాయి. గంటలో బోర్డు చేతికొస్తుంది, పైగా అందులో ఓనరుగారి నవ్వుమొహం, ఆయన మనవరాలి పుట్టినరోజు ఫోటో ఉచితంగా పడతాయి. ఇక రెండు రోజులు నిచ్చెన మీద కూర్చుని ఒక్కో అక్షరం దిద్దే మనిషి కోసం ఎవరాగుతారు? ఎవరూ ఆగలేదు. నలభై ఎనిమిదేళ్ళ రవికిరణ్ ఆటోల వెనక పేర్లు, స్కూలు బల్లల మీద నంబర్లు రాసుకుంటూ మిగిలాడు.

ఒక్క పని మాత్రం ఫ్లెక్సీకి లొంగలేదు. అది దిష్టి బొమ్మ. మిషను గుద్దిన బొమ్మ దిష్టిని ఆపలేదని ఈ చుట్టుపక్కల మామిడి రైతుల నమ్మకం. చేత్తో వేసిన మొహమే కావాలి. ఎందుకని అడక్కండి, అడిగినవాళ్ళని వాళ్ళు తోటలోకి రానివ్వరు. మామిడి రైతు దగ్గర నోరు అదుపులో పెట్టుకోవాలి. కొమ్మ కనపడనంత పూత పూసినా ఆయన "ఏదో నాలుగు పువ్వులండీ" అంటాడు. ఊతకర్రలు పెట్టేంత కాయ కాసినా "ఇంట్లో తినడానికి సరిపోతే చాలు" అంటాడు. విన్నవాడు మర్యాదగా "అవునండీ, ఈ ఏడు అందరిదీ అంతే" అని తలూపాలి. పొరపాటున బాగుందన్నాడో, వచ్చే ఏడు దాకా వాడితో మాటలుండవు.

ఆ ఫిబ్రవరిలో రెడ్డిగూడెం నుంచి లక్ష్మీనారాయణ అనే రైతు కిరణ్ ఆర్ట్స్ ముందు బండి ఆపాడు. ముప్పై ఎకరాల బంగినపల్లి తోట ఆయనది.

"తోట ఎలా ఉందండీ?" అని రవికిరణ్ మర్యాదకి అడిగాడు.

"ఏముందయ్యా, పిందె ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు" అంటూ ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పిందె విరగబడి నిలిచిందని రవికిరణ్‌కి అర్థమైపోయింది. లేకపోతే ఆ మనిషి ఎండలో ఇంత దూరం రాడు.

"నీ బొమ్మల మీద కంప్లైంటు ఉందయ్యా కిరణ్. పోయినేడు ఇచ్చావుగా, కోరలు, నాలిక, ఎర్ర గుడ్లు! మా మనవడు దానికి బిస్కెట్లు తినిపిస్తున్నాడు. రోడ్డున పోయేవాళ్ళు బండాపి దాని పక్కన సెల్ఫీలు దిగుతున్నారు. ఆ సెల్ఫీల్లో వెనకాల నా కాయంతా పడుతోంది. దిష్టి ఆపమంటే, పిలిచి మరీ పెట్టిస్తోంది నీ బొమ్మ."

"మరేం వేయమంటారండీ?"

"రాక్షసుడొద్దు. మనిషి కావాలి. తోట వంక తలతిప్పినవాణ్ణి అక్కడో మనిషి కళ్ళెత్తి చూస్తుండాలి. వాడు తడబడిపోవాలి, తల దించుకుని బండి ముందుకు పోనివ్వాలి. ఇరవై బోర్డులు. మా రోడ్డు పొడుగునా తోటలన్నిటికీ కలిపి. కాయ ఉసిరికాయంత అయ్యేలోపు పాతెయ్యాలి."

ఇరవై బోర్డులంటే ఈ రోజుల్లో పండగే. రవికిరణ్ సరేనన్నాడు. అనడమైతే అన్నాడు గానీ మూడు రోజులపాటు బోర్డు రేకుల ముందు కూర్చుని ఒక్క గీత సరిగ్గా గీయలేకపోయాడు. ఫోన్లో చూస్తే అన్నీ పళ్ళికిలించే రాక్షసులే. ఊహించి వేస్తే మీసాలున్న రాక్షసులు వస్తున్నారు.

భార్య మాధురి మధ్యాహ్నం క్యారేజీ తెచ్చి, వరసగా ఆరబెట్టిన ఆ మొహాలన్నీ చూసి ఫక్కున నవ్వింది. "మీరు మనిషి మొహం వేసి ఎన్నాళ్ళయిందండీ?"

రవికిరణ్ ముద్ద కలుపుతూ లెక్కేసుకున్నాడు. ఇరవై ఏళ్ళు దాటింది. బొమ్మలు వేయాలనే ఈ పనిలోకి వచ్చాడు. వచ్చాక జీవితమంతా "ప్రొప్రయిటర్" అనీ, "ఇచ్చట" అనీ రాస్తూ గడిపేశాడు. ఆ సంగతి ఇంతకుముందు తెలియక కాదు. భార్య నవ్వుతూ అనేసరికి మాత్రం క్యారేజీకి మూత పెట్టేశాడు.

నాలుగో రోజు పొద్దున్నే అతను స్టూలును కొట్టు లోపల్నుంచి తెచ్చి రోడ్డుకి ఎదురుగా వేసుకున్నాడు. గోడకున్న పాత క్యాలెండర్ల కాగితాలు చింపి అట్టకి గుచ్చి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళూ ఆ రోడ్డుకి వీపు పెట్టి బోర్డు వంకే చూస్తూ బతికిన మనిషి, మొదటిసారి రోడ్డు వంక తిరిగాడు.

ఏముంది అక్కడ చూడ్డానికి? ఆర్టీసీ బస్సు మలుపు తిరుగుతుంది, అరటిపళ్ళవాడు దారివ్వకుండా తిడతాడు, దర్జీ మెడలో టేపు వేసుకుని టీ తాగుతాడు. ఊరన్నాక ఇవే. కానీ పెన్సిలు పట్టుకుని చూస్తే వేరే ఊరిలా ఉంది. అరటిపళ్ళవాడు ఒక డజను అమ్మిన ప్రతిసారీ మిగిలినవాటిని తడిమి సర్దుతున్నాడు, వాటికి బెంగ కలగకుండా చూస్తున్నవాడిలా. బస్సు కోసం నిలబడ్డ మనుషులు బస్సు వచ్చే వైపుకి ఒక చెవి వంచుతారని అతనికి ఇప్పటిదాకా తెలియదు. పది గంటలకి ఎదురు కొట్ల షట్టర్ల మీద పడ్డ ఎండ తిరిగొచ్చి, నీడలో ఉన్నవాళ్ళ గడ్డాల కింద వెలుగునిస్తోంది. రవికిరణ్‌కి ఒళ్ళు తెలియలేదు. చీకటిపడేసరికి క్యాలెండర్లలో రెండేళ్ళు అయిపోయాయి. ఇంటికి వెళుతూ ఈల వేశాడు. మాధురి గుమ్మంలోంచి విని, ఏం తాగొచ్చాడోనని కంగారుపడింది.

కావలసిన మొహం మాత్రం ఐదో రోజు దొరికింది. దొరకడమేమిటి, ఇరవై ఏళ్ళుగా రోడ్డుకి అవతల ఉన్నదే.

వెంకాయమ్మ పునుగుల బండి. భర్త పోయాక చింతలపూడి నుంచి ఒక్కతే వచ్చి, బస్టాండు వెనక ఒక గది అద్దెకి తీసుకుని, ఆ బండి మీదే అరవై రెండేళ్ళ వయసుకి చేరింది. పిల్లల్లేరు. ఎక్కువ మాట్లాడదు. చెవి కొంచెం నూనె వైపు వంచి, చిల్లుల గరిటెతో సరిగ్గా రంగు తిరిగిన వేళకి పునుగులు తీస్తుంది. ప్లేటు అంచు మీద వేలు ఆనించి చట్నీ పోస్తుంది, చుక్క బయటపడదు. ఇదంతా రవికిరణ్ గీశాడు. అతన్ని పట్టేసింది ఇవేవీ కాదు. ఎవరైనా బండి దగ్గరికి వచ్చినప్పుడు ఆమె చేతిలో పని ఆపేస్తుంది. గడ్డం ముందుకొస్తుంది. కళ్ళు పెద్దవైపోతాయి, రెప్ప పడదు. వచ్చిన మనిషి నోరు తెరిచేదాకా అలా చూస్తుంది. వాళ్ళు "ఒక ప్లేటమ్మా" అనగానే మొహం వదులైపోయి మామూలు వెంకాయమ్మ అయిపోతుంది. ఆ రెండు క్షణాల చూపుంది చూశారూ, ఎదుటివాణ్ణి నిలబెట్టేస్తుంది.

మొదటి నాలుగు బోర్డుల్లో ఆ కళ్ళకి దర్జీ దవడలు, కండక్టరు మీసాలు పెట్టి చూశాడు. అతకలేదు. ఐదో బోర్డు నుంచి మీసాలు తీసేసి ఆమె నుదుటి గీతలు, ఆమె కొప్పు, ఆమె ముక్కుపుడక, అన్నీ ఆమెవే వేసేశాడు. తర్వాత ఆ నాలుగూ చెరిపి మళ్ళీ వేశాడు. మూడు వారాలు. నల్లటి ఎనామిల్ రంగు మీద ఇరవై మంది వెంకాయమ్మలు కొట్టు నిండా ఆరుతుంటే, మధ్యలో నిలబడి తన పనిని తానే నమ్మలేకపోయాడు. అతను జీవితంలో వేసిన మొదటి మంచి బొమ్మ అది. అతనికి తెలుసు, ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

"ఇది వెంకాయమ్మ పిన్నిగారు కదూ?" అంది మాధురి, వచ్చీ రాగానే.

"పోలిక కుదిరిందా?" రవికిరణ్ మొహం చాటంతయింది.

"కుదరడమేంటి, లేచి వచ్చేటట్టుంది. కానీ దిష్టి బొమ్మండీ ఇది. పాపం ఆవిణ్ణి తీసుకెళ్ళి తోట గట్టు మీద నిలబెడతారా?"

"బొమ్మ చూడవే నువ్వు, బొమ్మ చూడు" అని విసుక్కున్నాడు. ఆమె బొమ్మ చూసింది, మొగుణ్ణి చూసింది, క్యారేజీ తీసుకుని వెళ్ళిపోయింది. అక్కడే మనవాడు ఆగి ఉంటే నేనీ కథ చెప్పాల్సిన పనుండేది కాదు.

బోర్డులు రోడ్డు పొడుగునా పాతారు. లక్ష్మీనారాయణ ఫోన్ చేసి, "నా తోటలోకి నేనే వెళ్ళలేకపోతున్నానయ్యా, నన్నే దొంగని చూసినట్టు చూస్తోంది!" అని మెచ్చుకున్నాడు. సెల్ఫీలు ఆగిపోయాయి.

మార్చిలో ఒకరోజు డేవిడ్ రాజు కొట్టుకొచ్చాడు. ట్రాలీ ఆటోలో తోటల నుంచి మార్కెట్‌కి సరుకు తోలే మనిషి, ఊళ్ళో తెలియని గడప లేదు.

"కిరణన్నా, పొద్దున్నే రెడ్డిగూడెం రోడ్డులో నా గుండె ఆగిపోయిందన్నా. ఆ కళ్ళు ఎక్కడో చూశాను. ఎవరివో చెప్పవా?"

ఊరుకోవచ్చు. ఊహించి వేశానని చెప్పొచ్చు. రవికిరణ్ నోరు జారాడని నేననను. జారలేదు, పొంగిపోయి చెప్పాడు. ఇరవై ఏళ్ళ తర్వాత ఒక మనిషి అతని బొమ్మని చూసి పోల్చుకున్నాడు. గడ్డం ఎత్తి రోడ్డు అవతలి వైపు చూపించాడు. డేవిడ్ రాజు అటు చూసి, "వార్నీ! మన వెంకాయమ్మగారా!" అని పగలబడి నవ్వాడు. చెడ్డవాడేం కాదు, రోజూ ఆమె దగ్గరే తినే మనిషి. సాయంత్రానికి మార్కెట్లో నలుగురికి ఆ నవ్వు పంచాడు, అంతే.

మాట మార్కెట్ దాటి తిరిగి సెంటర్‌కి వచ్చేసరికి వేషం మార్చుకుంది. వెంకాయమ్మ కళ్ళు చూసి దిష్టి బొమ్మ వేశారట అని వెళ్ళింది, వెంకాయమ్మ కళ్ళు మంచివి కావట, అందుకే దిష్టి బొమ్మకి పెట్టారట అని వచ్చింది. ముసునూరు నుంచి వచ్చిన ఒకావిడ బండి ముందు నుంచి నడుస్తూ చంటిబిడ్డ మొహం మీద కొంగు కప్పింది. మార్కెట్‌కి పోయే రైతులు ఆమె కంట పడకుండా రోడ్డు అవతలి అంచున నడవడం మొదలుపెట్టారు. ఎవడికో జ్వరమొస్తే ముందురోజు ఆమె దగ్గర తిన్నాడని గుర్తొచ్చింది. ఆటోవాళ్ళు పెట్రోలు బంకు దగ్గర బజ్జీల బండికి మారారు. మనుషులు తగ్గేకొద్దీ వెంకాయమ్మ ఆ దారిన పోయే ప్రతివాళ్ళ వంకా ఇంకా కళ్ళు పెద్దవి చేసి చూసేది. చూసినకొద్దీ వాళ్ళు ఇంకా దూరం జరిగేవాళ్ళు. ఉగాదికల్లా సగం పిండి గిన్నెలోనే ఇంటికి పోయేది.

రవికిరణ్ ఇదంతా తన స్టూలు మీంచే చూశాడు. చూడక తప్పదు, ఎదురుగానే ఉంది. మొదట తనే పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం తిన్నాడు. ఒక మనిషి ఎన్ని పునుగులు తింటాడు? కనపడ్డవాళ్ళందరికీ "అదేం లేదండీ, ఊరికే పోలిక కోసం వేశాను" అని చెప్పాడు. దాంతో తెలియనివాళ్ళకి కూడా తెలిసింది. ఒకరోజు మూడు గంటలప్పుడు బండి దగ్గర ఎవరూ లేకుండా చూసి రోడ్డు దాటాడు.

వెంకాయమ్మ గరిటె ఆపి కళ్ళు పెద్దవి చేసింది.

"పిన్నిగారూ" అన్నాడు.

ఆమె మొహం వదులైంది. "నువ్వా కిరణూ. కూర్చో బాబూ, వేడిగా వేస్తాను."

నిలబడే అంతా చెప్పేశాడు. ఇరవై బోర్డులు, డేవిడ్ రాజు, తను గడ్డం ఎత్తి చూపించడం, ఏదీ దాచలేదు. వింటున్నంతసేపూ ఆమె గరిటె నూనె మీదే ఉంది. లోపల పునుగులు నల్లబడ్డాయి. ఇరవై ఏళ్ళలో ఆమె మాడ్చడం అతనెప్పుడూ చూడలేదు.

"నా బొమ్మ దిష్టికి పెట్టావా?" అంది చివరికి. "అందుకా జనం రానిది. పిండి పులిసిపోతోందేమోనని రోజూ నాలుక మీద వేసుకుని చూస్తున్నా. నేనేం చేశాను బాబూ నీకు?"

"మీ కళ్ళు బాగున్నాయని వేశాను పిన్నిగారూ. అంత బలమైన చూపు నేనెక్కడా చూడలేదు."

ఆమె స్టవ్వు ఆపేసింది. "చూపించు పద" అంది.

స్కూటరు మీద వెనక కూర్చుని దారంతా అతని భుజం గట్టిగా పట్టుకుంది. లక్ష్మీనారాయణ తోట దగ్గరికి చేరేసరికి నాలుగు దాటింది. కాయ చేతికి నిండేంత అయింది, కొమ్మలు నేలకి వంగి ఉన్నాయి. లోపలెక్కడో కూలీలు ఊతకర్రలు పెడుతున్న అలికిడి. గట్టు మీద పది అడుగుల దూరంలో బోర్డు ఉంది.

"అదిగో పిన్నిగారూ."

వెంకాయమ్మ గడ్డం ముందుకు చాచి, కళ్ళు పెద్దవి చేసి ఒక చెట్టు మొదలు వంక చూసింది. కోపంతో అటు తిరిగిందనుకున్నాడు రవికిరణ్. "ఇటండీ, ఇటు" అన్నాడు. ఆమె మెల్లగా తిరిగి, కాలితో గట్టు తడుముకుంటూ నడిచింది. ఐదడుగులు. రెండడుగులు. ఇంకా దగ్గరికి. ముక్కు రేకుకి తగిలేంత దగ్గరగా వెళ్ళి ఆగింది. అప్పుడు చెయ్యెత్తి ఎనామిల్ మీద వేళ్ళు పెట్టి, పెయింటు ఉబ్బుగా ఉన్నచోటల్లా తడిమింది.

రవికిరణ్‌కి అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ప్లేటు అంచు మీద వేలు. నూనె వైపు వంగిన చెవి. నోరు తెరిచేదాకా రెప్ప వేయని చూపు. అన్నీ గీశాడు, ఒక్కటీ వదల్లేదు.

"ఎన్నాళ్ళ నుంచండీ?" అన్నాడు.

"రెండేళ్ళు దాటింది. మొదట్లో పొగ అడ్డమొచ్చినట్టుండేది. ఇప్పుడు మనిషొస్తే ఎవరో వచ్చారని తెలుస్తుంది, అంతే. గొంతు వింటేగానీ ఆడో మగో తెలీదు."

"ఎవరికీ చెప్పలేదేంటండీ?"

"ఎలా చెప్పను? కాగే నూనె ముందు కళ్ళు లేనిది నిలబడిందంటే ఎవరు తింటారు నా చేత్తో? బండి తీసెయ్యమంటారు. తీసేస్తే నేనెక్కడికి పోను?" ఆమె చెయ్యి ఇంకా రేకు మీదే ఉంది. "మూడు వారాలు నన్నే చూస్తూ కూర్చున్నావు కదా బాబూ. నాకు కనపడట్లేదని నీకు కనపడలేదా?"

ఆ మాటకి అతను సిగ్గుతో చచ్చిపోయాడు. తిట్టినా, చెప్పు తీసినా అంత బాధపడేవాడు కాదు.

"ఎలా వేశావో చెప్పు" అంది ఆమె.

"కోపంగా..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. తలెత్తి బొమ్మ వంక చూశాడు. ఇరవై సార్లు వేసినవాడు, ఇప్పుడు చూశాడు. "లేదు పిన్నిగారూ. ఎదురుగా ఉన్నదెవరో తెలుసుకోడానికి తంటాలు పడుతున్నట్టుందండీ."

"అదే. కోపం ఎవరి మీద బాబూ నాకు?"

రవికిరణ్ స్కూటరు దగ్గరికెళ్ళి, వచ్చేటప్పుడు వెంట తెచ్చుకున్న నల్లరంగు డబ్బా మూత తీశాడు. బ్రష్షు ముంచాడో లేదో తోటలోంచి లక్ష్మీనారాయణ పరుగున వచ్చాడు. వెనకాల నలుగురు కూలీలు.

"ఏంటయ్యా, ఏం చేస్తున్నావు? ఆగు! మొన్న గాలివానకి ఆ పక్కన సగం కాయ నేలపాలైంది. ఈ రోడ్డు మీద బుట్టెడు కూడా రాల్లేదు. ఆ బొమ్మ చలవే అదంతా. దాన్ని ముట్టుకున్నావంటే ఊరుకోను." అప్పుడు పక్కనున్న వెంకాయమ్మని చూశాడు. బోర్డు వంక చూశాడు. మళ్ళీ ఆమె వంక చూసి చేతులు జోడించాడు. "అమ్మా, మీరేనా! ఊళ్ళో ఎవరేమనుకుంటే ఏంటండీ, మీ కళ్ళలో మహత్యం ఉంది. నేను చెప్తాను అందరికీ."

రవికిరణ్ బ్రష్షు గాల్లో ఆగిపోయింది. అబద్ధమెందుకు, అతనికి ఆశ పుట్టింది. ఆయనలాంటి పెద్దరైతు ఒక్క మాటంటే చాలు, మొహం చాటేసిన జనమే రేపు వరస కట్టి ఆమె ముందు నిలబడతారు. ఆమె బండి నిలబడుతుంది, ఆమె రహస్యం దాగుతుంది, అతని బొమ్మ బతుకుతుంది. ఎవరికీ నష్టం లేదు. అతను వెంకాయమ్మ వంక చూశాడు. ఔననమని మనసులో బతిమాలాడు కూడా.

వెంకాయమ్మ గొంతు వచ్చిన వైపుకి తిరిగింది. "నా కళ్ళలో ఏముందో నేను చెప్తానయ్యా. శుక్లాలున్నాయి. నీ తోటకొచ్చి ఇంతసేపైంది, ఒక్క కాయ కనపడలేదు నాకు. నువ్వెలా ఉంటావో కూడా తెలీదు. నా వల్ల కాయ రాలనూ లేదు, నిలవనూ లేదు. పునుగులు వేసుకుని బతికేదాన్ని, నన్నలా ఉండనివ్వండి. ఆ గట్టు మీంచి నన్ను దింపించెయ్యి."

కూలీలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. లక్ష్మీనారాయణ జోడించిన చేతులు విడదీసి, వాటినేం చేయాలో తెలియక పంచెకి తుడుచుకున్నాడు. "కానివ్వవయ్యా" అన్నాడు మెల్లగా.

రవికిరణ్ నుదురు దగ్గర మొదలుపెట్టి కిందకి వచ్చాడు. కళ్ళ దగ్గర చెయ్యి కొంచెం ఆగింది. ఆ కళ్ళు రావడానికి అతనికి ఇరవై ఏళ్ళు పట్టింది, పోవడానికి రెండు పూతలు చాలాయి. వెంకాయమ్మ పక్కనే నిలబడి పెయింటు వాసన పీలుస్తోంది.

"అయిందా?" అంది.

"అయిందండీ."

మిగిలిన పంతొమ్మిది బోర్డులు పూర్తయ్యేసరికి మరో రెండు రోజులు పట్టింది. ఈలోగా కూలీల నోట మాట నూజివీడు చేరింది. వెంకాయమ్మకి ముందే తెలుసు, చేరుతుందని. ఆమె భయపడ్డట్టే కొందరు "అయ్యో, కళ్ళు లేకుండా నూనె దగ్గరా!" అని ముక్కున వేలేసుకుని అటు రావడమే మానేశారు. ఇప్పటికీ రానివాళ్ళున్నారు. మాధురి ఎవరూ పిలవకుండానే కొంగు బిగించి బండి దగ్గరికి వెళ్ళి, "నూనె దగ్గర నేనుంటాను పిన్నిగారూ, పిండీ చట్నీ మీ చెయ్యే" అని గరిటె లాక్కుంది. విజయవాడ కంటాసుపత్రిలో ఆపరేషన్‌కి తారీకు కూడా తనే రాయించింది, వచ్చే బుధవారానికి. మొగుణ్ణి మాత్రం ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని అతనికి అనిపించింది.

ఆ శనివారం పొద్దున రవికిరణ్ కొట్టు తీసి స్టూలు మీద కూర్చున్నాడు. ఎదురుగా బండి దగ్గరికి డేవిడ్ రాజు వచ్చి, తప్పు చేసినవాడిలా కొంచెం దూరంలో నిలబడ్డాడు. వెంకాయమ్మ గడ్డం ముందుకు రాలేదు. కళ్ళు పెద్దవి కాలేదు. తల కొంచెం పక్కకి వంచి, "ఎవరూ?" అంది, ఇంట్లోంచి అడిగినట్టు మామూలుగా.

"నేనమ్మా, డేవిడ్ రాజుని."

"రా అబ్బాయ్, ఎన్నాళ్ళైంది."

వాడి వెనక దర్జీ వచ్చాడు. "ఎవరూ?" అంది. దర్జీ పేరు చెప్పాడు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు పేర్లు చెబుతున్నారు. కొందరు తండ్రి పేరు, ఊరి పేరు కూడా కలిపి చెబుతున్నారు. ఇరవై ఏళ్ళుగా అక్కడ తింటున్న కొందరి పేర్లు ఆ సెంటర్లో అందరికీ ఆ రోజే తెలిశాయి.

రవికిరణ్ ఆ మొహం వంక చూశాడు. ఏ తంటా పడకుండా, దాచుకునేదేమీ లేకుండా, వినడానికి వంగిన మొహం. అది అతనింతవరకు గీయలేదు. చెయ్యి దానంతటదే అట్ట మీదకి పోయింది. పెన్సిలు కాగితానికి తగిలాక తీసేసి జేబులో పెట్టుకున్నాడు. లేచి రోడ్డు దాటాడు.

"ఎవరూ?"

"నేనండీ పిన్నిగారూ, రవికిరణ్‌ని. తినడానికి రాలేదు. మీ బొమ్మ వేసుకోవచ్చా అని అడగడానికొచ్చాను."

నూనె దగ్గర మాధురి గరిటె ఆగింది. వెంకాయమ్మ చట్నీ గిన్నె మీద మూత పెట్టి చేతులు కొంగుకి తుడుచుకుంది.

"వేసుకో" అంది. "కానీ దాన్ని చెరపకుండా ఉంచు. బుధవారం తర్వాత నేను చూస్తాను. తేడాగా ఉందంటే మాత్రం ఊరుకోను."

రవికిరణ్ స్టూలు తెచ్చుకోవడానికి వెనక్కి వెళ్ళాడు.